కొండ దిగే బండి: నేటాల్ బాటల్లో బరువు మోసినవారి చరిత్ర

దక్షిణాఫ్రికాలో మన చరిత్ర రాసేవారు సాధారణంగా ఓడతోనే మొదలుపెడతారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ 342 మందితో డర్బన్ రేవు చేరడం, ఆ తరువాత 1911 దాకా మొత్తం 1,52,184 మంది ఒప్పంద కూలీలు ఈ నేలమీద అడుగుపెట్టడం, వారిలో సుమారు మూడింట రెండు వంతులమంది మద్రాసు రేవు నుంచే రావడం, వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు ఉండడం మనం పదేపదే చెప్పుకునే సంగతులే. ఓడ కథ చెప్పుకోవలసిందే. అయితే ఓడ రేవులో ఆగిపోయింది. రేవులో దిగిన బరువు మాత్రం ఆగలేదు. అది కొండలెక్కి లోపలి దేశానికి పోవాలి. లోపలి దేశం సరుకు కొండలు దిగి రేవుకు రావాలి. ఆ ఎక్కే దిగే పనిలో మనవారికి ఎంత పాత్ర ఉన్నదో, ఆ బాటలు వారికి ఏమి నేర్పాయో చెప్పే రాతలు తక్కువ. ఈ వ్యాసం ఉద్దేశం ఆ వెలితిని కొంతైనా పూరించడమే.

ముందుగా నేల స్వరూపం చూద్దాం. డర్బన్ సముద్రమట్టాన ఉన్నది. జోహన్నెస్‌బర్గ్ సుమారు 1,750 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ రెండింటి మధ్య నేల ఒకే వాలుగా పెరగదు. మెట్లు మెట్లుగా లేస్తుంది. డర్బన్ దాటగానే కౌవీస్ హిల్, పైన్‌టౌన్ తరువాత ఫీల్డ్స్ హిల్, ఆపైన బోథాస్ హిల్, ఇంచాంగా, పీటర్‌మారిట్జ్‌బర్గ్ పట్టణం చేరబోయేముందు పాలీ షార్ట్స్. పట్టణం దాటితే హిల్టన్‌కు ఎక్కే టౌన్ హిల్. చివరికి డ్రాకెన్స్‌బర్గ్ పర్వత శ్రేణిలో వాన్ రీనెన్ కనుమ, సుమారు 1,680 మీటర్ల ఎత్తున. ఈనాడు కామ్రేడ్స్ పరుగుపందెం చూసేవారికి ఈ పేర్లలో కొన్ని సుపరిచితాలు. ఒంటి బరువు తప్ప మరేమీ మోయని పరుగువీరులకే ఈ కొండలు చెమటలు పట్టిస్తాయి. టన్నుల కొద్దీ బరువుతో వీటిని దాటినవారి సంగతి వేరే చెప్పాలా!

ఎద్దుబండ్ల కాలం

రైలు రాకముందు ఈ దారి అంతా ఎద్దుబండ్లదే. నేటాల్ పెద్దబండి మన పల్లెల్లోని రెండెడ్ల బండి వంటిది కాదు. నాలుగు చక్రాలది, జతలు జతలుగా సామాన్యంగా పదహారు ఎద్దులు లాగేది, రెండు మూడు టన్నుల సరుకు మోసేది. ముందు జత పగ్గం పట్టుకొని ఒకడు నడిచేవాడు. పొడవాటి కొరడాతో మరొకడు పక్కన నడుస్తూ అదిలించేవాడు.

ఎక్కేటప్పుడు ఎద్దుల బలం కనపడేది. దిగేటప్పుడు మనిషి తెలివి కనపడేది. ఎందుకంటే ఎద్దులు బండిని లాగగలవే గాని, వెనకనుంచి మీదికి తోసుకువచ్చే బండిని అంత సులువుగా ఆపలేవు. అందుకని వాలు మొదలయ్యేచోట బండి ఆపి, వెనక చక్రం కింద చెక్కతోగాని ఇనుముతోగాని చేసిన ఒక పాదుకవంటి దానిని గొలుసుతో బిగించేవారు. చక్రం ఆ పాదుకలో కూర్చొని తిరగడం మానేసి నేలమీద ఈడ్చుకుంటూ పోయేది. దానిని ఇక్కడి డచ్చి భాషలో రెమ్‌స్కూన్ అనేవారు. రెమ్ అంటే ఆపేది, స్కూన్ అంటే చెప్పు. ఆ చెప్పు రాసుకొని రాసుకొని పాతబాటల రాళ్లమీద గాళ్లు పడ్డాయి. మరీ నిటారు వాలైతే చెట్టుకొమ్మలు నరికి బండి వెనక కట్టి ఈడ్పించేవారు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. రెమ్‌స్కూన్ తగిలించేది కొండ నడుమ కాదు, కొండ పైన. బండి ఒకసారి పరుగందుకున్న తరువాత చక్రం కిందికి చెప్పు తోయడం మానవమాత్రుడి తరం కాదు. కొండ కింద ఏమి జరగాలో కొండ పైనే నిశ్చయమైపోయేది. ఈ ఒక్క సత్యం ఎద్దుబండి నుంచి ఈనాటి యాభైఆరు టన్నుల లారీ దాకా మారలేదు. ఈ వ్యాసంలో చెప్పదలచిన ముఖ్యమైన మాట కూడా ఇదే.

మనవారికి కొండదారి బరువు కొత్త కాదు. గంజాం, విశాఖపట్నం జిల్లాలవారు తూర్పు కనుమలను చూస్తూ పెరిగినవారు. ఆ కనుమల మీదుగా జయపురానికి, బస్తరుకు కోస్తా ఉప్పు బంజారాల పెరికెద్దుల వీపులమీదే ఎక్కేది. పెరిక అంటే ఎద్దు వీపుకు రెండువైపులా వేలాడే సంచి. బండి పోలేని దారిలో బరువును చిన్న చిన్న పాళ్లుగా పంచుకొని పోవడమే ఆ పద్ధతి. దారి ఓర్చగలిగినంత బరువే ఎత్తేవారు. దారికి మించిన బరువు ఎత్తి, తరువాత దారిని తిట్టుకోవడం పెరికెద్దుల కాలంలో లేదు.

రైలు, కూలి, కావడి

దక్షిణాఫ్రికాలో తొలి రైలు నడిచింది కూడా 1860 లోనే, డర్బన్‌లోనే. జూను 26న పాయింట్ రేవునుంచి పట్టణందాకా, మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం. అది కొండలెక్కి పీటర్‌మారిట్జ్‌బర్గ్ చేరడానికి మరి ఇరవై ఏళ్లు పట్టి, 1880లో చేరింది. 1886లో లేడీస్మిత్, 1891లో చార్లెస్‌టౌన్, 1895లో జోహన్నెస్‌బర్గ్. ఆ తొలి ప్రధానమార్గంలో ముప్ఫై అడుగులకు ఒక అడుగు లేచే వాలులుండేవి. రైలుకు అది చాలా నిటారు. సొరంగాలకు, వంతెనలకు డబ్బు ఖర్చుపెట్టే బదులు కొండల నడుములు చుట్టి పట్టాలు వేసినందువల్ల వంపులు కూడా మితిమీరి ఉండేవి.

నేటాల్ ప్రభుత్వ రైల్వే ఒప్పంద కూలీలను పెద్దఎత్తున పనిలో పెట్టుకొన్న యజమాని. కట్టపోయడం, కంకర కొట్టడం, పట్టాలు సరిచేయడం మనవారి పని. చెరకు తోటల్లో పనిచేసినవారిని గురించి మనం తరచు చెప్పుకుంటాం. రైలుకట్టమీద పనిచేసినవారిని అంతగా తలచుకోం. ఈ కొండల ఎత్తుపల్లాలను మొట్టమొదట తమ పారలతో కొలిచినవారు వారే.

ఐదేళ్ల ఒప్పందం తీరినవారిలో చాలామంది డర్బన్ చుట్టుపక్కల కొండవాలుల్లో చిన్న చిన్న మడులు కౌలుకు తీసుకొని కూరగాయలు పండించారు. కేటో మేనర్, మేవిల్, స్ప్రింగ్‌ఫీల్డ్, క్లేర్‌వుడ్ ప్రాంతాలు ఆ తోటలకు పేరుపొందినవి. తెల్లవారకముందే పండిన కాయగూరలు కావడి బద్దకు రెండువైపులా తట్టల్లో వేలాడదీసి, బెరియా కొండమీదుగా పట్టణంలోకి నడిచేవారు. కావడి మోసినవాడికి బరువు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వాలు దిగేటప్పుడు ముందు తట్ట నేలకు తగలకుండా, వెనక తట్ట నడుముకు కొట్టకుండా, మోకాళ్లు వంచి చిన్న చిన్న అడుగులు వేయాలి. వానపడి బురద అయితే వేళ్లు నేలలో నాటుకొంటూ అడ్డంగా నడవాలి. లారీ తొలిగేరులో దిగడమంటే ఇంజను చేత ఆ చిన్న అడుగులు వేయించడమే.

లైసెన్సు గోడ

మొదటి ప్రపంచయుద్ధం తరువాత మోటారు లారీలు చవకయ్యాయి. కావడి పోయి గుర్రపుబండి, గుర్రపుబండి పోయి లారీ వచ్చాయి. అన్నదమ్ములు నలుగురు కలిసి ఒక పాతలారీ కొని, పొద్దున కూరగాయలు, పగలు ఇసుక, ఇటుక, బొగ్గు తోలుకొని బతకాలనుకొనే కాలం వచ్చింది. డర్బన్ బస్సుల వ్యాపారంలో మనవారు వేళ్లూనుకొన్నది కూడా ఆ రోజుల్లోనే.

అయితే లారీ దూరం పోయినకొద్దీ రైలుకు రాబడి తగ్గుతుంది. రైలు ప్రభుత్వానిది. అందుచేత 1930లో మోటారు క్యారియర్ ట్రాన్స్‌పోర్టేషన్ చట్టం వచ్చింది. కిరాయికి సరుకుగాని మనుషులనుగాని మోయదలచినవాడు రహదారి రవాణా బోర్డు ఎదుట నిలబడి, తన సేవ ఎందుకు అవసరమో, ఉన్న రైలు ఎందుకు చాలదో రుజువుచేసి సర్టిఫికెట్ పుచ్చుకోవాలి. చట్టం రైలును కాపాడడానికి వచ్చినా, బోర్డులో కూర్చున్నవారు ఎవరో, ఎదుట చేతులు కట్టుకొని నిలబడ్డవారు ఎవరో ఆనాటి దేశకాలాలు తెలిసినవారు ఊహించుకోగలరు. భారతీయులకు, ఆఫ్రికనులకు సర్టిఫికెట్ దొరకడం గగనమయ్యేది. దొరికినా తక్కువ దూరానికి, ఫలానా దారికి, ఫలానా సరుకుకే అని గీతలు గీసేవారు.

ఈ లైసెన్సు గోడవల్ల కొండదారిమీద ఏమి జరిగిందో ఆలోచించాలి. సర్టిఫికెట్ ఒకటే, లారీ ఒకటే అయినవాడు ఆ ఒక్క ప్రయాణంలోనే బతుకు గడుపుకోవాలి. కనుక బరువు పెంచుతాడు. కొత్త లారీకి అప్పు పుట్టదు కనుక పాతదాన్నే అతుకులు వేసి నడుపుతాడు. బ్రేకు లైనింగు మార్చవలసిన రోజు వచ్చినా మరో వారం చూద్దామంటాడు. చట్టం కాగితంమీద రాసిన గీత చివరికి కొండవాలుమీద బ్రేకు డ్రమ్ములో తేలేది.

ఆనాటి లారీలు ఈనాటివంటివి కావు. గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కి, ఇంజను వేగాన్ని చెవితో కొలిచి, సరిగా ఆ క్షణంలోనే కడ్డీ తోయాలి. తప్పితే గేరు పడదు. వాలులో గేరు పడకపోతే లారీ న్యూట్రల్‌లో ఉండిపోతుంది. న్యూట్రల్‌లో ఉన్న లారీకి ఇంజను అడ్డు లేదు, ఉన్నదంతా బ్రేకు ఒక్కటే. వాక్యూంతో పనిచేసే బ్రేకులున్న బండ్లలో ఇంజను ఆగిపోతే కొద్దిసేపట్లో ఆ సాయమూ తగ్గిపోయేది. ఎక్కేటప్పుడు ఇంజను ఆగితే వెనక చక్రం కింద పెట్టడానికి చెక్కదిమ్మ పట్టుకొని ఒక కుర్రవాడు సిద్ధంగా ఉండేవాడు. లారీ దిగకముందే దూకి, దిమ్మ వేసి, తన చేయి దాని కింద పడకుండా చూసుకోవడం వాడి కొలువు.

చెరకు కొండలు, కనుమ సరిహద్దు

నేటాల్ తీరాన చెరకు పండే నేల చాలావరకు చదును నేల కాదు. ఉత్తరాన టోంగాట్, స్టాంజర్, డార్నల్ మొదలు దక్షిణాన ఉంజింటో దాకా అలలు అలలుగా లేచి పడే కొండలు. మొదట్లో చెరకును ఎద్దులు, కంచరగాడిదలు లాగే సన్నపట్టాల తోపుడు పెట్టెల్లో మిల్లుకు చేర్చేవారు. ఇరవయ్యో శతాబ్దం నడిమినుంచి ఆ పట్టాలు క్రమంగా లేచిపోయి, ట్రాక్టర్లు, లారీలు వచ్చాయి. మనవారిలో సొంతంగా చెరకు వేసిన చిన్నరైతులకు దక్కినవి తరచు ఎవరికీ అక్కరలేని ఏటవాలు చెక్కలు. పండించడం ఒక ఎత్తు, పండినదాన్ని కొండమీదినుంచి దించడం మరో ఎత్తు.

చెరకు కోత శీతకాలంలో మొదలై వానలు పడేదాకా సాగుతుంది. ఎండకాలపు తొలివానల్లో తోటదారుల మట్టి సబ్బులా జారుతుంది. ఆ దారిమీద నిండుబండితో దిగేటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి. బిగుసుకున్న చక్రం తిరగదు, జారుతుంది. జారే చక్రం స్టీరింగు మాట వినదు. అందుకని బ్రేకు తొక్కి వదలడం, తొక్కి వదలడం, చక్రాన్ని ఎప్పుడూ తిరుగుతూ ఉంచడం చెరకు లారీవారు నేర్చిన మొదటి పాఠం. రెండో పాఠం, బరువును ఇరుసులమీద సమంగా పంచడం. వెనక ట్రైలరు తేలికగా ఉండి ముందు బండి బరువైతే, జారుడులో ట్రైలరు పక్కకు తిరిగి కత్తి మడిచినట్టు ముందుబండిమీదికి వస్తుంది. మూడో పాఠం, కట్టు. చెరకు మోపులు మలుపులో పక్కకు ఒరిగితే బండి బరువు మొత్తం ఒకవైపు చక్రాలమీద పడుతుంది. గొలుసు బిగింపు చూడకుండా తోటగేటు దాటకూడదు. ఇవి ఏ బడిలోనూ నేర్పని చదువులు. తండ్రి పక్కన కూర్చున్న కొడుకు, మామ పక్కన కూర్చున్న మేనల్లుడు చూసి నేర్చుకున్నవి.

ఇక వాన్ రీనెన్ కనుమ సంగతి. ఆ కొండమీద నేటాల్ ముగిసి ఫ్రీ స్టేట్ ప్రాంతం మొదలవుతుంది. 1891 చట్టం ప్రకారం ఫ్రీ స్టేట్‌లో భారతీయులు స్థిరపడడానికిగాని, వ్యాపారం చేయడానికిగాని, భూమి కొనడానికిగాని వీల్లేదు. ఆ నిషేధం 1980ల నడిమిదాకా నిలిచింది. ఒక ప్రాంతంనుంచి మరో ప్రాంతానికి పోవడానికి భారతీయులకు కావలసిన అనుమతిపత్రం 1975 దాకా తప్పలేదు. కొండ ఎక్కి అలసిపోయిన డ్రైవరుకు కొండమీద కావలసింది విశ్రాంతి. మన డ్రైవరుకు మాత్రం కొండమీద ఎదురయ్యేది సరిహద్దు. జోహన్నెస్‌బర్గ్ దాకా పోయి వచ్చేవాడు ఫ్రీ స్టేట్ మైదానాన్ని ఆగకుండా దాటాలని చూసుకునేవాడు. తిరుగుప్రయాణంలో కనుమ దిగే వేళకు వాడి కళ్లు ఎలా ఉండేవో చెప్పనక్కరలేదు. ప్రమాదాలకు అలసట కారణమని ఈనాడు అందరూ అంటారు. అలసటకు కారణమైన చట్టాలను కూడా చరిత్రకారులు లెక్కలో వేయాలి.

కనుమకు పొగమంచు, మంచు అనే మరో రెండు శత్రువులున్నాయి. హిల్టన్ దగ్గర, వాన్ రీనెన్ దగ్గర పొగమంచు దిగితే ముందు లారీ దీపం కూడా కనపడదు. 2024 సెప్టెంబరు 20, 21 తేదీల్లో కురిసిన మంచుకు ఈ కనుమ దారి మూసుకుపోయి, లారీలు, కార్లు, వాటిలో మనుషులు రాత్రంతా చలిలో చిక్కుకుపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

వేడి లెక్క

కొండ దిగడం ఎందుకు కష్టమో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఈ దేశంలో ట్రైలర్లతో కూడిన లారీ మొత్తం బరువు 56 టన్నులు దాటరాదని నిబంధన. అటువంటి నిండులారీ ఫీల్డ్స్ హిల్ దిగుతున్నదనుకుందాం. ఆ కొండ పొడవు సుమారు 3 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 200 మీటర్లు. 56 టన్నులు 200 మీటర్లు కిందికి వచ్చినప్పుడు విడుదలయ్యే శక్తి అంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. ఆ వేడితో సుమారు 300 లీటర్ల చన్నీళ్లను మరగబెట్టవచ్చు. పెళ్లివారింటి గుండిగలు గుర్తుకు తెచ్చుకోండి. అన్ని నీళ్లు మరిగే వేడి, నాలుగైదు నిమిషాల్లో, చక్రాల మధ్యనున్న ఇనుప డ్రమ్ముల్లో పుట్టాలన్నమాట.

డ్రమ్ము కాగితే వ్యాకోచిస్తుంది. లోపలి బ్రేకు లైనింగునుంచి దూరం జరుగుతుంది. లైనింగు కూడా కాగి పట్టు కోల్పోతుంది. అప్పుడు పెడలు ఎంత తొక్కినా ఫలం ఉండదు. మొదట కాలిన వాసన, తరువాత పొగ, ఆ తరువాత మౌనం. బ్రేకు ఫెయిలైందని పత్రికలు రాస్తాయి. నిజానికి చాలాసార్లు బ్రేకు విరిగిపోదు, అలసిపోతుంది.

ఈ వేడిని పుచ్చుకోవడానికి మరో దారి ఇంజను. చిన్నగేరులో ఉంటే చక్రాలే ఇంజనును తిప్పవలసివస్తుంది, ఆ శ్రమలో లారీ పరుగు తగ్గుతుంది. ఈనాటి లారీల్లోని ఎగ్జాస్టు బ్రేకు, రిటార్డరు ఆ పనికే ఉన్నాయి. వేగం సగానికి తగ్గిస్తే అదే వేడి రెట్టింపు సమయంలో పుడుతుంది, ఇంజను ఒక్కటే దానిని చాలావరకు ఓర్చుకుంటుంది. అందుకే ఏ గేరులో ఎక్కావో అదే గేరులోగాని, అంతకు చిన్నగేరులోగాని దిగమని పాత డ్రైవర్లు చెప్పిన మాట. ఆ గేరు కొండపైనే వేయాలి. దిగుతూ వేద్దామంటే పడదు. ఆనాటి రెమ్‌స్కూన్ నియమమే ఇదీ. తడిదారిలో మరో జాగ్రత్త ఉన్నది. ఇంజను బ్రేకు లాగుడు నడిపే చక్రాలమీదే పడుతుంది గనుక, జారుడులో దాన్ని మితిమీరి వాడితే ఆ చక్రాలే ముందు జారతాయి. శీతకాలమంతా రోడ్డుమీద పేరుకున్న నూనె, రబ్బరు పొడి, తొలివానకు పైకి తేలి పలచని జిగురవుతుంది. కుండపోతకంటే ఆ తొలిజల్లే ప్రమాదకరం.

గోడ కూలిన తరువాత

1977లో రవాణా చట్టం కొంత సడలింది. 1988లో వచ్చిన చట్టంతో లైసెన్సు గోడ దాదాపు పూర్తిగా కూలింది. అదే 1977లో డర్బన్ రేవులో కంటైనర్ల ఘట్టం తెరిచారు. రైలు పెట్టెల్లో పోవలసిన సరుకు క్రమక్రమంగా లారీలమీదికి మళ్లింది. మనవారిలో అర్ధశతాబ్దం బోర్డుల ఎదుట నిలబడినవారి బిడ్డలకు ఇది నిజంగా విడుదలే. ఒక్క లారీతో మొదలుపెట్టి పది, ఇరవై లారీలకు ఎదిగిన కుటుంబాలున్నాయి. అందుకు గర్వపడడంలో తప్పులేదు.

కాని కొండ కొండలాగే ఉన్నది. గోడ కూలినప్పుడు పోటీ పెరిగింది. పోటీతో కిరాయి తగ్గింది. తగ్గిన కిరాయిని బరువుతోను, వేగంతోను, టోలు తప్పించుకోవడంతోను పూడ్చుకోవడం మొదలైంది. ఎన్3 రహదారిమీద మరియన్‌హిల్ దగ్గర టోలుగేటు ఉన్నది. దానిని తప్పించుకోవాలంటే ఎం13 పాతదారిలో ఫీల్డ్స్ హిల్ మీదుగా పైన్‌టౌన్‌లోకి దిగాలి. కొత్త రహదారి లేనినాడు గత్యంతరం లేక దిగిన కొండను, కొత్త రహదారి వచ్చాక డబ్బు మిగుల్చుకోవడానికి దిగసాగారు.

2013 సెప్టెంబరు 5 సాయంత్రం ఒక భారీలారీ ఆ కొండ దిగుతూ అదుపుతప్పి, అడుగున ఉన్న కూడలిలో నాలుగు మినీబస్సు టాక్సీలను, ఒక కారును ఢీకొన్నది. ఇరవైనాలుగుమంది చనిపోయారు. పనులు ముగించుకొని ఇళ్లకు పోతున్న సామాన్యులు. ఆ రోజు చక్రం పట్టుకున్నవాడు ఇరవైమూడేళ్ల కుర్రవాడు, పొరుగు దేశంనుంచి బతుకుతెరువుకు వచ్చినవాడు. కోర్టులో అతడు నేరం ఒప్పుకున్నాడు. యజమానిమీద కూడా కేసు నడిచింది. ఆ తరువాత భారీలారీలు ఆ కొండ దిగకుండా నిషేధం పెట్టారు.

ఈ ఘటనను తలచుకున్నప్పుడు డ్రైవరు తప్పు డ్రైవరుదే. దానిని కాదనేవారు లేరు. కాని ఎద్దుబండి నియమం మరచిపోకూడదు. కింద జరిగేది పైనే నిశ్చయమవుతుంది. ఈనాడు ఆ పై అన్నది కొండశిఖరం ఒక్కటే కాదు. బరువు ఎంత ఎత్తాలి, బ్రేకులు ఎప్పుడు చూపించాలి, ఏ దారిని పోవాలి, ఎన్ని గంటలకు చేరాలి అన్నవి తేల్చే కొట్టు, ఆఫీసు, ఫోను, అన్నీ కలిసి ఆ పై అవుతాయి. లారీ వాలు మొదటికి వచ్చేసరికే సగం ప్రయాణం మరొకరు నడిపివేసి ఉంటారు. మిగిలిన సగానికి మాత్రం చక్రం పట్టుకున్నవాడు జవాబు చెప్పుకుంటాడు.

మన బాధ్యత

మన ముత్తాతలు మోసినవారు. బరువెంతో వారు నిర్ణయించలేదు. తోట సర్దారు నిర్ణయించాడు, రైల్వే గుమాస్తా నిర్ణయించాడు, బోర్డు నిర్ణయించింది. కింద పడినప్పుడు నింద మాత్రం మోసినవాడిదే అయ్యేది. ఒప్పంద కూలి చరిత్రలో మనల్ని బాధించేది ఈ అన్యాయమే గదా. ఈనాడు మనలో కొందరు మోయించేవారయ్యారు. లారీ పుస్తకంలో మన పేరు ఉన్నది, చక్రం మరొకరి చేతిలో ఉన్నది. అతడు జులూ అయినా, స్వాతీ అయినా, జింబాబ్వేవాడైనా మన తాతలు నిలబడినచోటనే నిలబడి ఉన్నాడు. దూరదేశంనుంచి వచ్చి, యజమాని మాటకు ఎదురుచెప్పలేక, బరువెత్తుకొని కొండ దిగుతున్నాడు. బరువు దించమని చెప్పడానికి, బ్రేకులు బాగుచేస్తేగాని కదలనని అనడానికి అతడికి మనం అవకాశమిస్తున్నామా? ఆ ప్రశ్న వేసుకోకుండా ట్రూరో ఓడ పేరు పండుగరోజున తలచుకోవడంవల్ల ఫలమేమిటి?

మరొక పని కూడా ఉన్నది. పాత లారీలు తోలిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. తెలుగు మాట తడబడుతున్న ఇళ్లలో సైతం ఇరుసు, కాడి, పగ్గం, కావడి వంటి మాటలు వారి నోట మిగిలి ఉండవచ్చు. వాలులో ఎక్కడ గేరు మార్చేవారు, ఏ మలుపులో ఆగి డ్రమ్ము మీద నీళ్లు చల్లకుండా గాలికే చల్లారనిచ్చేవారు, సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు తిరిగారు, కనుమ మీద రాత్రి ఎక్కడ తలదాచుకున్నారు అని అడిగి రాసిపెట్టడం యువజనుల బాధ్యత. సభలు, పాఠశాలలు పద్యాలతోపాటు వీటినీ సేకరిస్తే బాగుంటుంది. ఓడల పట్టికలు దేశ దస్తావేజుల్లో భద్రంగా ఉన్నాయి. కొండదారుల చరిత్ర మాత్రం మనుషుల చేతుల్లో, మోకాళ్లలో, చెవుల్లో ఉన్నది. దానిని భద్రపరచే కార్యాలయం మరొకటి లేదు.